దమ్మాముకు పోయిన చప్పుడు

1986 జూలై 3, ఎల్లారెడ్డి

మళ్ళీ డైరీ మొదలుపెట్టాను. చదివేవాడు ఎవడూ లేడు కాబట్టి ఇందులో అబద్ధాలు రాయవలసిన అవసరం లేదు.

ఈ ఊరికి వచ్చి నాలుగు నెలలయింది. అడిగినవాళ్ళకు గాలి మార్పు కోసమని చెబుతున్నాను. హైదరాబాదులో శబ్దనిలయం స్టూడియోను నేనే వదిలేశాను. ఇరవై తొమ్మిదేళ్ళు హరికథలు, నాటకాలు, భజనలు రికార్డు చేసి చేసి విసుగు వచ్చింది. ప్రొప్రయిటరు ఉండమని బతిమాలాడు. ఆ మనిషి పేరు ఈ పుస్తకంలో రాయను. కాగితం దండగ.

ఇవాళ ఇంట్లో గొడవ. నేను అద్దెకుంటున్న ముందుగది సలీముది. సలీము ఆరేళ్ళుగా సౌదీలో, దమ్మాములో వెల్డింగు పని చేస్తున్నాడు, నేను అతన్ని చూడలేదు. ఇక్కడ ఉండేది అతని భార్య ఖుర్షీద్ బేగం. కూతురిని బాన్సువాడకు ఇచ్చి, తాను బట్టలు కుడుతూ ఒక్కతే ఉంటుంది. సలీము అన్న సిరాజుద్దీన్ పొద్దున బస్సుకు హైదరాబాదు నుండి దిగాడు. ఇత్తరు వాసన ముందు వచ్చింది, తర్వాత ఆయన వచ్చాడు. వాళ్ళు మాట్లాడుకున్నది ఉర్దూలో. నేను తెలుగులో రాసుకుంటున్నాను, నా డైరీ నా ఇష్టం.

"నల్లా తిప్పితే నీళ్ళు, బటన్ ఒత్తితే గాలి. మెహదీపట్నంల మా పక్క పోర్షన్ ఖాళీ అయితది. ఈ ఇల్లు అమ్మేద్దాం ఖుర్షీద్. ఈడ నీకు ఎవరున్నరు?"

ఆమె కుట్టుమిషను ఆపలేదు. "ఎవరున్నరో తెలవాలంటే గీ వాకిట్ల ఒక్క పూట కూసోవాలె భాయీసాబ్. మీరేమో బస్సు దిగినకాంచి గడియారమే చూస్తున్నరు."

ఆయన నా వైపు తిరిగాడు. "విఠల్ రావ్ సాబ్, మీరు సిటీల ఉన్నోళ్ళు. మీరన్న చెప్పున్రి."

"సిటీలో నల్లా తిప్పితే గాలి వస్తుంది, బటన్ ఒత్తితే కరెంటు పోతుంది. అంతే తేడా," అన్నాను.

ఎదురింటి అరుగు మీద బీడీలు చుట్టే లింగవ్వ పకపకా నవ్వింది. ఆయన నవ్వలేదు. సలీముకు ఇప్పటికే కేసెట్టు పంపానని, సలీము ఒప్పుకుంటే దీపావళి దాటగానే కొనేవాణ్ణి వెంటబెట్టుకొస్తానని చెప్పి పోయాడు.

జూలై 5

నాకేం? అమ్మితే అమ్మనీ. హైదరాబాదులో తమ్ముడి కొడుకు రమ్మంటూనే ఉన్నాడు. వరండాలో మంచం వేస్తాడట. గాలి బాగా వస్తుందట.

జూలై 11

ఖుర్షీద్ అడిగింది. "కాకా, మీరు ఇదే పని చేసినోళ్ళు గదా. మా ఆయనకు జవాబు కేసెట్ పంపాలె. జర మంచిగ నింపియ్యరా?"

ఇక్కడ అందరూ చేసే పనే ఇది. దమ్మాము నుండి, దుబాయి నుండి సెలవు మీద వచ్చినవాడు తిరిగి పోయేటప్పుడు చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళ కేసెట్లు పదో పదిహేనో పెట్టెలో పెట్టుకుపోతాడు. ఉత్తరం రాయడం రానివాళ్ళు గొంతు పంపుకుంటారు. అక్కడివాళ్ళు అదే కేసెట్టు మీద జవాబు నింపి పంపుతారు. ఆమె పంపబోయి ఆపిన పాత కేసెట్టు ఒకటి విన్నాను. వాకిట్లో పెట్టి మాట్లాడిందట. కోళ్ళు, మేక, కుట్టుమిషను, లింగవ్వ కత్తెర, ఎవడో ఎవడినో పిలవడం. వాటి మధ్య ఎక్కడో ఈమె గొంతు. నా స్టూడియోలో ఇలాంటిది చేసినవాణ్ణి ఆ పూటే ఇంటికి పంపేవాళ్ళం.

నింపుతానన్నాను. ఇంటి కోసం కాదు. పనితనం అంటే ఏమిటో ఈ ఊరికి ఒకసారి చూపిద్దామని.

జూలై 17

చూపించాను.

మూడు రోజులు కూర్చుని ఆమె చెప్పదలచుకున్నదంతా విని, వరస కుదిర్చి, రాసి ఇచ్చాను. ఆరంభం నాది: "ఇప్పుడే జొహర్ నమాజు ముగించి మీతో మాట్లాడుతున్నాను." మధ్యాహ్నపు నమాజు మాట వినడానికి బాగుంటుందని పెట్టాను. ఇల్లు ఎందుకు అమ్మకూడదో ఏడు కారణాలు. అర్జీ అంటే అలా ఉండాలి.

తలుపుకూ కిటికీకీ బొంతలు కట్టించాను. టేపురికార్డరు కింద మడత కంబళి. స్టూడియో నుండి నాతో వచ్చిన మైకు పెట్టాను (అది నాతో వచ్చిన సంగతి ప్రొప్రయిటరుకు తెలియదు). మేకను వెనక సందులో కట్టేయించాను. కోళ్ళను బుట్ట కింద మూశాను. లింగవ్వను గంటసేపు కత్తెర పట్టవద్దని బతిమాలాను.

"గా బొంతలేంది సారూ? లోపల బాలింత ఉన్నదా?"

"నిశ్శబ్దం కావాలి లింగవ్వా."

"గదేంది?"

కామారెడ్డి నుండి వచ్చే రెండు గంటల బస్సు పోయేదాకా ఆగాను. దాని డ్రైవరు సాయన్న ఇల్లు మా వీధి మలుపులోనే. మలుపు తిరగగానే మూడుసార్లు హారను కొడతాడు. భార్య దుర్గవ్వ అన్నం వడ్డించాలని దాని అర్థం. ఊరందరికీ తెలుసు. ఆ మూడూ అయిపోయాక మీట నొక్కాను. నాలుగుసార్లు తప్పితే ఐదోసారి కుదిరింది. ఇరవై ఎనిమిది నిమిషాలు. ఒక దగ్గు లేదు, ఒక తడబాటు లేదు. గాజు మీద నీటిబొట్టులాగా ఆమె గొంతు. తిప్పి తిప్పి విన్నాను. హైదరాబాదులో ఇంత శుభ్రమైన రికార్డింగు చేయగలవాడు ఇంకొకడుంటే వాడి కాళ్ళు కడుగుతాను.

ఖుర్షీద్ మాత్రం బయటికి వచ్చి ముఖం తుడుచుకుంటూ, "ఊపిరి ఆడలే కాకా," అంది. బొంతల ఉక్క.

జూలై 19

బీర్కూరు అతను ఒకడు దమ్మాము పోతూ కేసెట్టు తీసుకుపోయాడు. బీర్కూరు నా పుట్టిన ఊరు. చెబితే అతను ఆశ్చర్యపోలేదు. ఎవరి కొడుకువని అడిగి, నాన్న పేరు చెబితే, "ఆ, చింతచెట్టు ఇంటోళ్ళు," అన్నాడు. నలభై ఏళ్ళ కిందట వదిలిన ఊరు. హైదరాబాదులో పన్నెండేళ్ళు ఉన్న వీధిలో నన్ను "పై గదాయన" అనేవాళ్ళు.

ఆగస్టు 2

వాన. కరెంటు లేదు. చదివినవే మళ్ళీ చదువుతున్నాను. పల్లెను పొగిడిన ప్రతి పుస్తకమూ నగరంలో ఫ్యాను కింద రాసిందేనని నా అనుమానం. వాటిలో కోడి ఒక్కసారే కూస్తుంది, అదీ సరిగ్గా తెల్లవారేటప్పుడు. మా ఖుర్షీద్ పుంజు మధ్యాహ్నం మూడింటికి కూస్తుంది.

ఆగస్టు 20

ఊరు ఊరంతా ఇవాళ సాయన్న ఇంటి ముందు.

పొద్దున పోస్టాఫీసు నుండి అతని ఇంటికి టెలిగ్రాము వచ్చింది. టెలిగ్రాము అనగానే దుర్గవ్వ శోకం మొదలుపెట్టింది, ఎవరు పోయారో తెలియకుండానే. నన్ను పిలిస్తే వెళ్ళి చదివాను. దమ్మాములో ఉన్న సాయన్న మేనల్లుడు ఇచ్చింది. ఇంగ్లీషులో నాలుగే మాటలు. సాయన్న మామ బతికే ఉన్నాడా, వెంటనే తెలపండి.

చదివిన కాగితం సాయన్న చేతికే ఇచ్చాను. యూనిఫారం వేసుకుని, అన్నం తిని, వక్క నములుతున్నాడు.

"నేనా?" అన్నాడు.

"నువ్వే."

"నేనెందుకు సస్త సారూ? పదిన్నరకు డ్యూటీ ఉన్నది."

లింగవ్వ అందుకుంది. "సచ్చినోనివి సచ్చినట్టుండు. గిప్పుడు గిట్ల మాట్లాడితే దుర్గవ్వ ఏడ్చిందంత వుత్తగ పాయె."

బతికే ఉన్నానని తిరుగు టెలిగ్రాము ఇచ్చాడు. ఎవడు పుట్టించాడో ఈ పుకారు. ఇలాంటి తలాతోకా లేని సంగతులు చిన్న ఊళ్ళలోనే జరుగుతాయి.

సెప్టెంబరు 12

సదాశివనగర్ ఘనీ వచ్చాడు. దమ్మాములో సలీము గదిలోనే ఉంటాడు. పద్దెనిమిది రోజుల సెలవు. సలీము కేసెట్టు తెచ్చాడు. వాకిట్లో ఖుర్షీద్, లింగవ్వ, నేను, ఘనీ. పెట్టాం. గుర్తున్నంత వరకు రాస్తున్నాను.

"ఖుర్షీద్, నువ్వు ఏడికెంచి మాట్లాడినవ్? అది మన ఇల్లు గాదు. గదిల పదకొండు మందిమి కూసుండి విన్నం. జొహర్ అయింది అంటివి. అంటే ఒకటిన్నర దాటింది. అరగంట మాట్లాడితివి. రెండింటి బస్సు ఏది? అందరం వాచీలు చూసుకుంట కూసున్నం. సాయన్న హారన్ కొట్టలే. లింగవ్వ కత్తెర లేదు. కోడి లేదు. నీ మిషన్ లేదు. ఒక్క మనిషి నిన్ను పిలువలే. సాయన్న మేనల్లుడు గా రాత్రి అన్నం తినలే. భయ్యా తన కేసెట్ల చెప్పిండు, ఎల్లారెడ్డి ఖాళీ అయింది, గల్లీల ఎవ్వరు లేరు అని. నేను నమ్మలే. నీ కేసెట్ విన్నంక నమ్మిన. నువ్వు ఏదో మూసిన గదిల ఒక్కదానివే కూసుండి, నాకు చెప్పకుంట మంచిగున్న అంటున్నవ్. గట్ల ఉండకు. ఇల్లు అమ్ముదాం. నవంబర్ల మన కామారెడ్డి మనిషి ఒకడు వస్తడు. భయ్యా ఇల్లు అమ్మేతందుకు ముక్తార్‌నామా సంతకం చేసి అతని తోటి పంపుత. భయ్యా దగ్గరికి పో."

టేపు టిక్కున ఆగింది.

ఘనీ నేల చూస్తూ అన్నాడు: "కేసెట్ పెట్టంగనే ఒకడు అడిగిండు, ఎవరు పోయిన్రు అని. గట్ల ఉండె సారూ గా కేసెట్."

లింగవ్వ నా వైపు చూసి, "బొంతలు కట్టింది నువ్వే గదా," అంది. అంతే అంది.

సెప్టెంబరు 13

టేపు నాసిరకం.

సెప్టెంబరు 14

వాళ్ళ టేపురికార్డరు నాసిరకమై ఉంటుంది. ఎడారి దుమ్ముకు హెడ్డు పాడై ఉంటుంది. ఒక వెల్డరు చెవికి స్టూడియో పనితనం ఏం తెలుస్తుంది?

సెప్టెంబరు 16

ఏమీ లేదు.

సెప్టెంబరు 17

ఖుర్షీద్ చాయ్ ఎప్పటిలాగే పంపింది. తిడితే బాగుండేది.

సెప్టెంబరు 21

ఇవాళ పొద్దుటి నుండి సాయంత్రం దాకా అరుగు మీద కళ్ళు మూసుకుని కూర్చున్నాను. లింగవ్వ రెండుసార్లు వచ్చి ఊపిరి ఉందా లేదా అని చూసి పోయింది.

రాసుకుంటున్నాను, ఒప్పుకుంటున్నాను అని కాదు, లెక్క తేల్చుకోవాలి కాబట్టి. ఇరవై తొమ్మిదేళ్ళు చప్పుడును చెత్త అనుకుని ఊడ్చిపారేశాను. నగరంలో అది చెత్తే. చిక్కడపల్లిలో నా కిటికీ కింద పగలల్లా హారన్లు మోగేవి. ఒక్కదానికైనా మనిషి ఎవడో నాకు తెలియదు. పక్క వాటాలో ఏడేళ్ళు ఒక ఆడమనిషి రోజూ రోలు దంచింది. ఆమె ముఖం చూడలేదు. ఒక రోజు దంచడం ఆగింది. హాయిగా ఉందనుకుని పడుకున్నాను. ఎందుకు ఆగిందో ఇప్పటికీ తెలియదు.

ఇక్కడ చప్పుడుకు పేరుంది. పొద్దున ఏడింటికి కర్రుకర్రుమనేది లింగవ్వ కత్తెర, తునికాకు కోస్తున్నది. అది ఆగితే ఆమె నడుము పట్టేసిందని నేను మంచం మీద నుండే చెప్పగలను. గిలక కూస్తే దుర్గవ్వ నీళ్ళు తోడుతున్నట్టు. కుట్టుమిషను ఆగి ఆగి తిరిగితే గిరాకీ తక్కువ, ఏకధాటిగా తిరిగితే పండుగ దగ్గరపడ్డట్టు. వీధిలో పోయే ప్రతివాణ్ణీ "ఎటు పోతున్నవ్?" అని అడుగుతారు. మొదటి నెల ఈ ప్రశ్నకు నేను మండిపడేవాణ్ణి. నీకెందుకు అనేవాణ్ణి. ఇవాళ లెక్కపెట్టాను. నలభై ఒక్కసారి వినిపించింది. ఒక్కడూ నీకెందుకు అనలేదు.

సలీము ఆరేళ్ళుగా ఆ గదిలో పడుకుని ఈ చప్పుడులోనే తన ఇంటిని చూసుకుంటున్నాడు. నేను దాన్ని శుభ్రంగా తుడిచి, ఇంటిని మాయం చేసి, ఒట్టి గొంతును పంపాను. అతను సరిగ్గానే విన్నాడు. నేనే వినలేదు.

ఇంకొకటి. జూలై 3న రాసింది అబద్ధం. ప్రొప్రయిటరు నన్ను బతిమాలలేదు. "విఠల్, నీ చెవి మందగించింది, రేపటి నుండి రాకు," అన్నాడు. పని నేర్చుకునే పిల్లల ముందు అన్నాడు. ఒకప్పుడు నా దగ్గు పడిందని ఒక హరికథ రీలు మొత్తం పారేయించినవాడు.

నాకు ఈ ఇల్లు కావాలి. ఈ ముందుగది కావాలి. వరండాకు పోను.

సెప్టెంబరు 22

ఖుర్షీద్‌తో చెప్పాను, తప్పు నాదేనని. కుట్టుమిషను మీద నుండి తల ఎత్తకుండా, "నాకు ఎర్కే కాకా. మల్ల నింపుదాం," అంది.

ఘనీ ఇదంతా సలీముకు నోటితో చెప్పలేడా అని అడిగాను. "చెప్తె నమ్మడు సారూ. ఖుర్షీద్ నేర్పి పంపింది అంటడు. చెవుల తోటి వినాలె." ఘనీ సెలవు ముప్పైతో అయిపోతుంది. ఆ రోజు కామారెడ్డిలో మన్మాడు బండి ఎక్కి బొంబాయి పోతాడు. అతని తర్వాత నవంబరు దాకా దమ్మాము పోయేవాడు ఎవడూ లేడు. ఈ ఒక్క కేసెట్టు కుదరకపోతే ఇల్లు పోయినట్టే.

సెప్టెంబరు 24

ఇవాళే రావాలా ఈ ఉత్తరం. ప్రొప్రయిటరు నుండి! ఎవరి దగ్గర సంపాదించాడో, "విఠల్ రావు, ఎల్లారెడ్డి" అని మాత్రమే రాశాడు, అయినా వచ్చి చేరింది. హైదరాబాదులో ఇంటి నంబరు, పై నంబరు, కింద నంబరు రాసినా నా ఉత్తరాలు ఇంకెవడో చదివేవాడు.

ఏదో పల్లె నాటకం కేసెట్టు తీస్తున్నాడట. "మీరిప్పుడు ప్రశాంతమైన చోట ఉన్నారు కదా. పల్లె నిశ్శబ్దం ఒక అరగంట రికార్డు చేసి పంపితే నాటకానికి ప్రాణం వస్తుంది." తీసేసినప్పుడు నువ్వు, కావలసినప్పుడు మీరు.

సెప్టెంబరు 25

తలుపుకూ కిటికీకీ బొంతలు కట్టాను. ఖాళీ గదిలో మైకు పెట్టి, మీట నొక్కి, బయటికొచ్చి లింగవ్వ దగ్గర ఒక బీడీ తీసుకుని కాల్చాను. అరగంట తర్వాత కేసెట్టు తీసి, పైన "పల్లె నిశ్శబ్దం" అని అందంగా రాసి, పోస్టు చేశాను. స్టూడియోలో చేసుకోగలిగిన నిశ్శబ్దం కంటే ఒక్క చుక్క వేరుగా ఉండదు. వాడి చెవి ఎంత చురుకో చూద్దాం.

సెప్టెంబరు 29

ఇదంతా జరిగింది జరిగినట్టు రాయాలి.

పనితనమంతా పక్కన పెట్టాను. టేపురికార్డరు వాకిట్లో, స్టూలు మీద. తలుపులు బార్లా. కోళ్ళు, మేక వాటి ఇష్టం. ఖుర్షీద్ కుట్టుమిషను దగ్గరే కూర్చుంది. కాగితం లేదు, ఏడు కారణాలు లేవు. టేపుకు ఒక వైపు ముప్పై నిమిషాలు. సాయన్న సరిగ్గా రెండింటికి మలుపు తిరుగుతాడు కాబట్టి ఒకటీ నలభైకి మీట నొక్కాను.

ఒకటీ నలభై అయిందని చెప్పి ఆమె మొదలుపెట్టింది. ఏం మాట్లాడింది? పక్క వీధి రఫియా పెళ్ళికి రవికలు కుడుతున్నానంది. మేక ఈనుతదంది. మధ్యలో ఎవరో పొడవాటి రవిక అడిగితే వాళ్ళకు జవాబు చెప్పింది. పోచారం వైపు తండా నుండి రామ్లి సీతాఫలాల గంప దింపింది.

"గింత చిన్నయేంది రామ్లీ? గోలీకాయలా?" అంది లింగవ్వ.

"నీ నోట్ల పండ్లున్నయా పెద్దయి తినెతందుకు?"

ఇద్దరూ అలా ఐదు నిమిషాలు. నేను గోడకు ఆనుకుని నోరు మూసుకుని నిలబడ్డాను. రికార్డు చేసేవాడి ఊపిరి కూడా టేపు మీద పడకూడదు. నా ఎముకల్లో ఇంకిన నియమం అది.

రెండయింది. బస్సు లేదు. రెండూ మూడు. రెండూ ఐదు. టేపు చక్రం మీద సన్నటి దారమంత మిగిలింది. ఖుర్షీద్ మాటలు ఆపి మలుపు వైపు చూస్తోంది. ఇంకెవరి బస్సైనా పట్టుకొచ్చి హారను కొట్టించమంటే? నోటితో ఊదితే? గుర్రపు డెక్కలను కొబ్బరిచిప్పలతో వాయించినవాణ్ణి నేను. కాని అక్కడ పదకొండు మంది చెవులు, అందులో ఒక జత మేనల్లుడిది.

అప్పుడు నాలో ఏదో తెగింది.

"ఈ సాయన్నకు జన్మలో ఒక్కరోజైనా టైముకు రావడం తెలుసా!" అని అరిచాను.

"ఎందుకు అరుస్తవ్ సారూ? టెలిగ్రాముల ఒకసారి సంపితివి. మెల్లగ రానియ్యి," అంది లింగవ్వ.

"చంపింది నేనా?"

"మరి నేనా? బొంతలెవలు కట్టిన్రు?"

"నువ్వు కత్తెర ఆపకపోయి ఉంటే సరిపోయేది!"

"ఆపుమన్నదెవలు? బతిమాలినదెవలు? కాళ్ళు మొక్కుత అన్నట్టు నిలవడ్డదెవలు?"

"నేను కాళ్ళు మొక్కానా? ముసలిదానివని ఊరుకుంటున్నా..."

"ఓయబ్బ, నువ్వేదో మొన్న పుట్టినవ్! మేకకు తెలుసు నీ వయసు!"

మేక అరిచింది. రామ్లి నవ్వింది. ఖుర్షీద్ కుట్టుమిషను మీద తల వాల్చి నవ్వుతూ, ఏడుస్తూ, "కాకా, కాకా, టేపు నడుస్తున్నది," అంది. నేను నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాను. సరిగ్గా అప్పుడు మలుపులో మూడుసార్లు. పాం. పాం. పాం. ఆ వెంటనే టిక్కున టేపు అయిపోయింది.

సాయన్న రేడియేటరు కారి ఆలస్యమైందట.

విని చూశాను. నా గొంతు ఉంది. కీచుగా, కోపంగా, రెండు నిమిషాలకు పైగా. ఇరవై తొమ్మిదేళ్ళలో మొదటిసారి. మళ్ళీ చేద్దామంటే రేపు ఘనీ పోతున్నాడు, బస్సు మళ్ళీ రేపు రెండింటికే.

సెప్టెంబరు 30

సాయన్న పొద్దుటి బస్సులో కామారెడ్డి వెళ్ళాను. నన్ను డ్రైవరు పక్క సీట్లో కూర్చోబెట్టుకున్నాడు. బస్సులో ఎక్కినవాడల్లా "ఎటు సారూ?" అన్నాడు. చెప్పాను. అందరికీ చెప్పాను. స్టేషనులో బెల్లం బుట్టల మధ్య ఘనీ కనబడ్డాడు. కేసెట్టును చొక్కా లోపలి జేబులో పెట్టుకున్నాడు. బండి కదిలేదాకా ఉన్నాను.

కాపీ తీసుకోలేదు. ఇంట్లో రెండో టేపురికార్డరు లేదు.

అక్టోబరు 17

ప్రొప్రయిటరు జవాబు! అక్షరం పొల్లుపోకుండా ఎక్కిస్తున్నాను, ముసలితనంలో పైకి చదువుకోవడానికి.

"మీరు పంపిన నిశ్శబ్దం అద్భుతం. విన్నవాళ్ళంతా కళ్ళు మూసుకున్నారు. ఆ లోతు, ఆ చల్లదనం! ఇలాంటి ప్రశాంతత నగరంలో ఏ స్టూడియోలో దొరుకుతుంది? పల్లె అంటే ఇదే కదా."

లింగవ్వకు చదివి వినిపించాను, అతను నన్నెందుకు తీసేశాడో కూడా చెప్పి. బొంతల నిశ్శబ్దమని అర్థమయ్యాక చాటలో బీడీలు ఒలికేటట్టు నవ్వింది. "గాయనేనా నీకు చెవులు లేవన్నది?" అంది.

ఆయనే. నాకు చెవులు లేవన్నవాడు ఒక బొంతను విని పల్లె అన్నాడు. ఈ రాత మీద తేదీ, సంతకం ఉన్నాయి. తిరుగు ఉత్తరంలో సంగతి మొత్తం రాసి పంపాను, పిల్లలందరి ముందూ పైకి చదవమని కోరుతూ. ఈ పూట అన్నం రెండుసార్లు తిన్నాను.

అక్టోబరు 25

సలీము నుండి ఏమీ లేదు.

నవంబరు 2

దీపావళి అయిపోయింది. ఏమీ లేదు. తమ్ముడి కొడుకు ఉత్తరం: వరండాకు చాపలు కట్టించాడట.

నవంబరు 9

గెలిచాం.

పదకొండింటి బస్సుకు సిరాజుద్దీన్ దిగాడు. వెంట కొనేవాడు. తెల్ల ప్యాంటు మనిషి. దిగీదిగగానే గోడలు తట్టి చూశాడు. ఖుర్షీద్ తల మీద కొంగు లాక్కుని కుట్టుమిషను పక్కన నిలబడింది. లింగవ్వ చాటతో సహా వచ్చి మా వాకిట్లో కూర్చుంది. సాయన్న డ్యూటీకి పోకుండా ఎందుకు నిలబడ్డాడో అడగలేదు.

సిరాజుద్దీన్ చేతిలో గుడ్డ చుట్టిన చిన్న పొట్లం. కామారెడ్డి మనిషి మొన్న దమ్మాము నుండి దిగితే, ఈయనే వాళ్ళింటికి వెళ్ళి తెచ్చుకున్నాడు. ముక్తార్‌నామా అదేనని విప్పి కూడా చూడలేదు. కొనేవాడి ముందు విప్పితే మర్యాదగా ఉంటుందనుకున్నట్టున్నాడు.

"బిస్మిల్లా," అని విప్పాడు. కేసెట్టు.

గుడ్డ దులిపాడు. కాగితం లేదు. మళ్ళీ దులిపాడు.

"విఠల్ రావ్ సాబ్," అన్నాడు చివరికి, "జర ఇది పెట్టుతరా?"

పెట్టాను. ఇంత మెల్లగా, ఇంత మర్యాదగా మీట నొక్కింది ఇదే మొదటిసారి.

ముందు నవ్వులు. గది నిండా మగవాళ్ళ నవ్వులు. తర్వాత సలీము.

"ఖుర్షీద్, తొమ్మిదిసార్లు విన్నం. నీ కేసెట్ చెరుపబుద్ధి గాలే, గిది కొత్తదాని మీద నింపుతున్న. రామ్లి వచ్చినకాడ అందరం సీతాఫలాలు తిన్నట్టే అయింది. రెండయినంక ఒక్కడు ఊపిరి తీయలే. ఇగ అయిపాయె, టెలిగ్రామ్ సుత అబద్ధమే, సాయన్న నిజంగనే పోయిండు అనుకున్నం. గప్పుడు మూడు హారన్లు! సాయన్న మేనల్లుడు లేసి ఎగిరిండు. పక్క గదోళ్ళు లొల్లి ఏందని వచ్చిన్రు, వాళ్ళకు సుత పెట్టినం. భయ్యా, నువ్వు ఈ కేసెట్ వింటవని నాకు తెలుసు. గల్లీ ఖాళీ అయింది అంటివి. గంత మంది ఏడికెంచి వచ్చిన్రు? ముక్తార్‌నామా రాయలే. రాయ. ఇంకో రెండేండ్లకు నేను ఆ ఇంటికే వస్త. ఖుర్షీద్, లింగవ్వ తోటి కొట్లాడిన గా ముసలాయన ఎవలు? కిరాయికున్నాయననా? గాయనను ఏడికి పోనియ్యకు. అచ్చె కేసెట్ల ఆయన తిట్లు ఇంకిన్ని పెట్టు. మాకు మస్తు బలమైతున్నది."

సాయన్న చప్పట్లు కొట్టాడు. లింగవ్వ నా వైపు చూసి, "తిట్టు సారూ, దమ్మాము దాక పోతున్నయట," అంది. ఖుర్షీద్ కుట్టుమిషను దగ్గర కూర్చుని తొక్కడం మొదలుపెట్టింది, బట్ట లేకుండానే.

తెల్ల ప్యాంటు మనిషి గోడ మీద నుండి చెయ్యి తీసి, చేతులు దులుపుకుని, బస్సెప్పుడని అడిగాడు.

ఖుర్షీద్ ఇద్దరికీ అన్నం పెట్టింది. సిరాజుద్దీన్ వాకిట్లోనే కూర్చుని తిన్నాడు. ఈసారి గడియారం చూడలేదు. ఆయన పుట్టింది కూడా ఈ ఇంట్లోనేనట, ఇవాళ తెలిసింది. నాలుగు గంటల బస్సు దాకా నేనే వెంట వెళ్ళాను, ఓడినవాణ్ణి సాగనంపడంలో ఒక తృప్తి ఉంటుంది కాబట్టి.

బస్సు మెట్టు మీద కాలు పెట్టి ఆగాడు. కొనేవాడు లోపలికి వెళ్ళేదాకా చూసి, గొంతు తగ్గించాడు.

"సాబ్, గా కేసెట్... మీరు కొట్లాడింది. దాని కాపీ ఏమన్న ఉన్నదా?"

"లేదు సిరాజ్ సాబ్," అన్నాను. "వినాలంటే మీరే వచ్చి కూర్చోవాలి."